జరిగింది జరిగినట్టు రాస్తే కథవుతుందా?

“ఇది నిజంగా జరిగిందండీ, ఒక్క ముక్క కూడా కల్పించలేదు!”

కథలు రాసే మన సోదరీమణులు చాలామంది గర్వంగా చెప్పుకునే మాట ఇది. వినగానే నాకు ఒళ్లు మండుకొస్తుంది. ఒక్క ముక్కా కల్పించకపోతే మరి రాసిందేమిటట? పోలీసు పంచనామానా?

మా నేరేడ్‌మెట్‌లో కథలకేం కరువు లేదు. దేశమంతా తిరిగొచ్చి స్థిరపడ్డ మిలిటరీ కుటుంబాలు, పక్కనే సైనిక్‌పురి, వాయుపురి, పొట్టకూటికి పల్లెలనుంచి వచ్చినవాళ్లు. సాయంత్రం సఫిల్‌గూడ చెరువు వైపు నాలుగడుగులు వేస్తే చాలు, పక్కన నడిచే ఆవిడ కోడలి సంగతంతా ఏకరువు పెడుతుంది. అంట్లు తోమే అమ్మాయి, మొగుడు కొట్టిన దెబ్బ చూపించి కళ్లొత్తుకుంటుంది. మర్నాడే మనం కలం తీస్తాం! లక్ష్మి కాస్తా సీత అవుతుంది. వీధి అదే, దెబ్బ అదే. అచ్చయిన వారానికల్లా కాలనీ అంతా పోల్చేస్తుంది. మనకు పారితోషికం, ఆ పిల్లకు నగుబాటు. నమ్మి చెప్పుకున్నందుకు ఇదా ఫలితం?

“అయితే చూసినదేదీ రాయకూడదా?” అంటారేమో. తప్పకుండా రాయాలి. కాని చూసింది వడ్లగింజ మాత్రమే. దంచి, చెరిగి, వండితేనే కదా అన్నమయ్యేది?

1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’నే తీసుకోండి. రైల్లో ఒక బిచ్చగత్తె. అలాంటి మనిషి మనకూ ఎన్నోసార్లు ఎదురైంది. మనమైతే జాలిపడి ఊరుకునేవాళ్లం. అక్కడ పరీక్షకు నిలబడింది ఆమె కాదు, సిద్ధాంతాలు వల్లించే రావుగారు! అబ్బూరి ఛాయాదేవిగారి ‘బోన్సాయ్ బ్రతుకు’లో కుండీలో పెంచిన చెట్టు చాలు, ఆడపిల్లల పెంపకమంతా కళ్లకు కడుతుంది. ఎవరింటి గుట్టూ రట్టు చేయనక్కర్లేదు.

మరి మన కథల్లోనో? పనిమనిషి ఎప్పుడూ దీనురాలే, అమ్మగారు ఎప్పుడూ దయామయే. పాతచీర చేతిలో పెట్టేసరికి కథ కంచికి! నాలుగు రోజులు నాగా పెట్టిందని అదే అమ్మగారు జీతం కోసిన సంగతి మాత్రం ఏ కథలోనూ కనబడదు. అదీ నిజంగా జరిగిందే కదండీ? ఎదుటివాళ్ల నిజం మీద ఉన్న మోజు మన నిజం మీద ఎందుకుండదో!

కాబట్టి పేరొక్కటి మారిస్తే చాలదు. ఊరు మార్చండి, వయసు మార్చండి, సంఘటననే మార్చండి. ఆ బాధ ఎందుకొచ్చిందన్నది మాత్రం మార్చకండి. అందులో మన పాలెంతో దాచకండి. రాయడం పూర్తయ్యాక, ఎవరిని చూసి రాశారో ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివి వినిపించగలరేమో ఆలోచించండి. నోరు పెగలదనిపిస్తే ఆ కాగితాలు బీరువాలోనే ఉండనివ్వండి.