దేవుని వాక్యానికి కోయ మాట రాదా?

పోస్ట్ కొంచెం పెద్దగానే ఉంటది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే చదివాక తిట్టండి.

మన గ్రూపులో మతం మాట వచ్చిందంటే చాలు, రెండు పార్టీలు అయిపోతాం. ఒకవైపు వాళ్లు "వాక్యం అలా చెప్పింది, ఇంక మాట్లాడేదేం లేదు" అంటారు. ఇంకోవైపు వాళ్లు "అది తెల్లోళ్ల పుస్తకం, మనకెందుకు" అంటారు. కొట్లాట ఎంత జరిగినా రెండు పార్టీలూ అనుకునేది ఒకటే. దేవుని వాక్యం అంటే నల్ల అట్ట వేసిన ఒక పుస్తకం, అంతే అని. నేను చెప్పేది ఏంటంటే, క్రైస్తవ విశ్వాసం ఆ మాటను అంత చిన్నగా చూడదు. ఆ విశ్వాసం చెప్పేది సరిగ్గా వింటే, మన ఊళ్ల ప్రార్థన మందిరాల్లో మన మాట వినపడకపోవడం వాక్యానికే ఎదురు నడవడం అవుతుంది.

నేను ఎటువైపు అని అడుగుతారు కాబట్టి ముందే చెప్తా. మాది కోయ కుటుంబం. మా ఇంట్లో డిగ్రీ కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషిని నేను. మా అమ్మ ప్రతి ఆదివారం ప్రార్థనకు పోతుంది. మా నాయనమ్మ వేల్పును విడిచిపెట్టలేదు, విడిచిపెట్టదు కూడా. ఇద్దరి చేతి కూడూ తిని పెరిగినదాన్ని. ఎవరినీ మార్చడానికి ఈ పోస్ట్ రాయట్లేదు.

ముందు "వాక్యం" అనే మాటే చూడండి. బడిలో వాక్యం అంటే కర్త, కర్మ, క్రియ. మందిరంలో అదే మాటను మూడు రకాలుగా వాడతారు. "ఈ ఆదివారం వాక్యం ఎవరు చెప్తున్నారు" అంటే ప్రసంగం. "ఆ వాక్యం ఎక్కడుంది" అంటే బైబిల్లో ఒక వచనం. మూడోది చాలామంది గమనించరు. యోహాను సువార్త మొదలుపెట్టడమే వాక్యంతో మొదలుపెడుతుంది. సృష్టికి ముందే ఆ వాక్యం ఉందని, అది దేవుడితో ఉందని, అదే దేవుడని చెప్తుంది. ఇంకాస్త కిందికి వచ్చి ఆ వాక్యం మనిషై మన మధ్య కాపురం ఉన్నాడని అంటుంది. అంటే యేసు. ఇక్కడ వాక్యం అంటే పుస్తకం కాదు, ప్రసంగం కాదు, ఒక మనిషి.

ఈ మూడు అర్థాలూ నేను కల్పించినవి కావు. 20వ శతాబ్దంలో కార్ల్ బార్త్ అని స్విట్జర్లాండ్ వేదాంత పండితుడు ఉండేవాడు. ఆయన కూడా దేవుని వాక్యానికి మూడు రూపాలు చెప్పాడు. యేసులో వెల్లడైన వాక్యం, బైబిల్లో రాసిన వాక్యం, సంఘంలో ప్రకటించే వాక్యం. 1965లో రోమన్ కాథలిక్కుల రెండో వాటికన్ మహాసభ ఇదే విషయం మీద ఒక ప్రకటన ఇచ్చింది. దాని లాటిన్ పేరు దేయి వెర్బుమ్, అంటే దేవుని వాక్యం. దేవుడు తనను తాను వెల్లడించుకోవడం క్రీస్తులోనే నిండుగా జరిగిందని అందులో ఉంది. బైబిలే అక్షరం అక్షరం దేవుని వాక్యం అని గట్టిగా పట్టుకునే సంఘాలూ చాలా ఉన్నాయి, మన ఏజెన్సీలో ఎక్కువ అవే. వాళ్లను నేను తక్కువ చేయట్లేదు. కానీ యోహాను మొదటి అధ్యాయాన్ని వాళ్లు కూడా కాదనలేరు కదా. పుస్తకం ఎంత గొప్పదైనా ఆ మనిషి వైపు చూపించడానికే ఉంది అన్నది వాళ్ల విశ్వాసంలోనే ఉన్న మాట.

ఇంకొంచెం వెనక్కి పోదాం. పాత నిబంధన రాసింది ఎక్కువ భాగం హెబ్రీలో. ఆ భాషలో మాటకు "దబార్" అంటారు. అదే దబార్‌కు పని, సంగతి, జరిగిన విషయం అని కూడా అర్థం. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు వెలుగు కలగాలని అంటాడు, వెలుగు కలుగుతుంది. అక్కడ అనడం వేరు, చేయడం వేరు కాదు. యెషయా గ్రంథం 55వ అధ్యాయంలో దేవుని మాటను వానతో పోల్చారు. వాన పడి నేలను తడపకుండా, విత్తనం ఇవ్వకుండా ఎలా ఊరికే తిరిగి పోదో, దేవుని మాట కూడా అలా ఊరికే పోదు అని. విత్తనాల పండగ చేసుకునే మనకు ఈ పోలిక ఎవరైనా విడమరచి చెప్పాలా? తొలకరి పడకముందే విత్తనాన్ని వేల్పు ముందు పెట్టే జనం మనం. వాక్యం అంటే వాదంలో గెలవడానికి ఎత్తే కర్ర కాదు, పడిన చోట ఏదో ఒకటి మొలిపించే వాన.

ఆ మాట ఎవరి దగ్గరికి వచ్చిందో కూడా చూడండి. ఆమోసు అని ఒక ప్రవక్త ఉన్నాడు. తెకోవ ఊరివాడు, గొర్రెలు కాచుకునేవాడు, మేడిపండ్ల పని చేసుకునేవాడు. ప్రవక్తల ఇంట్లో పుట్టినవాడు కాదు, చదువుకున్న గురువూ కాదు. ఒక జత చెప్పుల కోసం పేదవాణ్ని అమ్మేస్తున్నారని పెద్దలను నిలదీశాడు. బేతేలులో పెద్ద పూజారి అమజ్యా "ఇది రాజు గుడి, నీ ఊరికి నువ్వు పో" అని తరిమాడు. కానీ బైబిల్ దేవుని వాక్యం అని చెప్పేది గుడిలో కూర్చున్న పూజారి మాటను కాదు, అడవిలోంచి వచ్చిన గొర్రెలకాపరి మాటను. అందుకే ఎవరైనా మైకు పట్టుకుని "వాక్యం చెప్పింది కాబట్టి నోరు మూసుకోండి" అంటే నాకు ఆమోసే గుర్తొస్తాడు. ఆ పుస్తకంలో వాక్యం పేదవాడి నోరు తెరిపించింది.

ఇక భాష సంగతికి వస్తా. అసలు పోస్ట్ రాసింది దీని కోసమే.

యేసు ఇంట్లో, వీధిలో మాట్లాడింది అరమాయిక్. సువార్తలు మనకు అందింది గ్రీకులో. అక్కడక్కడ ఒకటి రెండు అరమాయిక్ మాటలు మాత్రం అలాగే మిగిలాయి. చనిపోయిన చిన్నపిల్లను లేపేటప్పుడు యేసు అన్న "తలీతాకుమీ" అనే మాటను మార్కు అలాగే ఉంచి, పక్కన దాని అర్థం గ్రీకులో రాశాడు. దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? యేసు మాటలు మొదటి రోజు నుంచే అనువాదంలో లోకానికి చేరాయి. అసలు భాషలోనే చదవాలి, లేకపోతే వాక్యం కాదు అనే పట్టింపు ఈ విశ్వాసానికి పుట్టుకలోనే లేదు.

అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో పెంతెకొస్తు పండగ రోజు జరిగింది కూడా అదే. యెరూషలేములో పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు, ఐగుప్తువాళ్లు, రోమా నుంచి వచ్చినవాళ్లు అందరూ పోగై ఉన్నారు. ఆత్మ దిగిందని చెప్పే ఆ రోజు, వచ్చినవాళ్లందరికీ ఒకే పవిత్ర భాష నేర్పలేదు. ఎవరి సొంత మాటలో వాళ్లకు వినిపించింది. మన దగ్గర పెంతెకొస్తు పేరు పెట్టుకున్న మందిరాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ పేరు పెట్టుకుని, ముసలివాళ్లకు సగం కూడా ఎక్కని తెలుగులో గంటన్నర ప్రసంగం చెప్పడం ఏం న్యాయం?

మా అమ్మకు చదువు రాదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు బైబిల్ నేనే చదివి వినిపిస్తా. మన తెలుగు బైబిల్ భాష మీకు తెలుసు కదా, మైదానం వాళ్లకే పాతగా ఉంటది. ఒకసారి యోహాను నాలుగో అధ్యాయం, బావి దగ్గర సమరయ స్త్రీ కథ చదువుతున్నా. "జీవజలం" దగ్గర అమ్మ ఆపింది, అంటే ఏంటని. నేను కోయలో చెప్పా. మా వైపు నీళ్లను ఏరు అంటాం. తెలుగోళ్లకు ఏరు అంటే పారే వాగు. ఆ కథలో కూడా సంగతి అదే. ఆ కాలపు యూదుల వాడుకలో జీవజలం అంటే నిలవ నీళ్లు కాదు, ఊట నీళ్లు, పారే నీళ్లు. ఆమె బావి గురించి మాట్లాడుతుంటే యేసు పారే నీళ్ల గురించి మాట్లాడుతున్నాడు. అమ్మకు ఒక్క నిమిషంలో అర్థమైంది. అన్నేళ్లుగా ఆదివారం ఆదివారం విన్న మాట ఆరోజు ఆమె ఇంట్లోకి వచ్చింది. ఇందులో నా గొప్ప ఏం లేదు, కోయ మాట గొప్ప.

కొందరు అడ్డం చెప్తారు. "కోయకు లిపి లేదు, దానిలో దేవుని మాట ఎలా నిలబడుతుంది" అని. ఆర్మేనియా వాళ్లకు కూడా ఒకప్పుడు లిపి లేదు. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ అనే ఆయన బైబిల్‌ను వాళ్ల మాటలో పెట్టాలనే లిపి తయారు చేశాడు. ఈ రోజుకీ ఆ జాతి ఆ అక్షరాలతోనే రాసుకుంటుంది. మన దగ్గరే చూడండి. 19వ శతాబ్దం చివర్లో దుమ్ముగూడెంలో పనిచేసిన జాన్ కెయిన్ అనే మిషనరీ లూకా సువార్తను కోయలోకి తెచ్చాడు. నూరేళ్ల కిందట బయటి మనిషి కూర్చుని నేర్చుకున్న మాటను, ఈ రోజు మన బిడ్డలే పాస్టర్లై మందిరంలో పలకడానికి సిగ్గుపడుతున్నారు.

మిషనరీలే చేశారు అని కూడా కాదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు పాఠపుస్తకాలు రాశారు, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. వాడుక తెలుగు కోసం పోరాడినదీ ఆయనే. జనం మాట్లాడే మాటకు విలువ ఉందని నమ్మినవాడికి అడవి మాటా, ఊరి మాటా ఒకటే అయ్యాయి.

ఇంకో అడ్డం: "ఇప్పుడు పిల్లలందరికీ తెలుగు వచ్చు, ఇంకా కోయ ఎందుకు" అని. పిల్లలకు వచ్చు, నిజమే. ముసలివాళ్లకు? ఇంకో సంగతి, పిల్లలకు కోయ ఎందుకు పోతోంది? చాలా బడుల్లో లేదు, ఆఫీసులో లేదు, హాస్టల్లో మాట్లాడితే నవ్వుతారు. వారానికి ఒకసారి ఊరంతా కూడే చోటు కొన్ని ఊళ్లలో మందిరమే. అక్కడ కూడా లేకపోతే ఇక ఎక్కడ ఉంటది? 2011 లెక్కల్లో కోయ మా మాతృభాష అని చెప్పుకున్నవాళ్లు 4 లక్షల పైచిలుకు మంది. వచ్చే లెక్కల్లో అది ఎంతకు వస్తుందో మన చేతుల్లోనే ఉంది.

తెల్లోళ్ల పుస్తకం అనే అన్నలకు కూడా ఒక మాట. బైబిల్లో మనుషులు ఆసియా, ఆఫ్రికా వాళ్లు. యేసు రోమా రాజ్యం కింద నలిగిన జాతిలో పుట్టాడు. మన మీద జరిగిన తప్పులు ఎత్తి చూపండి, వేల్పులను దయ్యాలని తిట్టిన ప్రసంగాలను నిలదీయండి, నేనూ మీ పక్కనే నిలబడతా. కానీ ఆ మందిరంలో కూర్చున్న మన అమ్మలను తెల్లోళ్లకు అమ్ముడుపోయారని అనకండి. వాళ్లు అక్కడ వెతికేది కూడా తమతో మాట్లాడే దేవుణ్నే.

నేను అడిగేవి పెద్ద పనులు కావు. మందిరానికి పోయేవాళ్లు మీ పాస్టర్ గారిని గౌరవంగానే అడగండి: ప్రతి ఆదివారం ఒక్క భాగమైనా కోయలో చదవమని, ఒక్క ప్రార్థనైనా కోయలో చేయమని. చదువుకున్న మనమే దాన్ని తెలుగు లిపిలో రాసిపెడదాం. సరైన మాట దొరక్కపోతే ముసలివాళ్లను అడుగుదాం. వాళ్లు వేల్పును కొలిచేవాళ్లైనా సరే అడుగుదాం, ఎందుకంటే మాట వాళ్ల దగ్గరే ఉంది. మా నాయనమ్మ మందిరం గడప తొక్కదు. కానీ అమ్మ కోసం ఏ మాట అడిగినా చెప్తుంది. సవర, కువి, గోండి మాట్లాడే మిత్రులు మీ మీ మాటల్లో ఇదే చేయండి.

వాక్యం మనిషై మన మధ్య కాపురం ఉన్నాడని నమ్మేవాళ్లను నేను అడిగేది ఇదే. కాపురానికి వచ్చినవాడు ఆ ఇంటి మాట నేర్చుకోడా?

మీ ఊళ్లో మందిరంలో ఏ మాటలో ప్రార్థన జరుగుతుందో కింద రాయండి. తెలుసుకుందాం.

జై ఆదివాసీ.