చూపుకి రిటైర్మెంటా?

వైద్యుడికి వయసొస్తే అనుభవజ్ఞుడంటాం. సంగీత విద్వాంసుడి జుట్టు నెరిస్తే చేతులు జోడిస్తాం. అదేం చిత్రమో గానీ, పుస్తకాలకి అట్టలూ, సరుకులకి పెట్టెలూ, సినిమాలకి అక్షరాలూ దిద్దే గ్రాఫిక్ డిజైనరుకి మాత్రం 45 దాటితే చాలు, పాతకాలం మనిషని ముద్ర కొట్టేస్తాం! నా నవలకి అట్ట ఫలానా ఆయనచేత వేయిద్దామంటే, "ఆయనకి యాభై దాటాయండీ, ఇప్పటి టేస్టు ఆయనకేం తెలుస్తుంది?" అన్నారో ప్రచురణకర్త. అన్నాయనకి అరవై రెండు!

నాకు తెలీకడుగుతాను, మారేది పనిముట్టా, చూసే చూపా? నిన్న కుంచె, నేడు కంప్యూటరు, రేపు మరోటి. పొయ్యి మారినంత మాత్రాన ఉప్పు చూసే నాలుక మారుతుందా?

మన తెలుగునే తీసుకోండి. ఇంగ్లీషుకి సరిపోయినంత దగ్గరగా వరసలు పేర్చారో, పై వరస ఒత్తులు కింది వరస తలకట్ల మీద పడతాయి - మేడ మీది వాళ్ళు కింది వాళ్ళ నెత్తిన కాళ్ళు పెట్టినట్టు! ఎంత ఎడం ఉంటే కంటికి హాయో చెప్పేది ఏళ్ళ తరబడి అక్షరాలతో కాపురం చేసిన మనిషే.

1936లో పుట్టిన రఘునాథ్ జోషీ గారు చేత్తో అక్షరాలు దిద్దిన తరం వారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన 'గౌతమి' తెలుగు అక్షరాలు ఆయన ఆధ్వర్యంలో రూపొందినవే. అప్పటికాయనకి అరవై దాటేశాయి. అమెరికాలో సాల్ బాస్ 'గుడ్‌ఫెల్లాస్' సినిమా టైటిల్సు చేసిన 1990లో ఆయన వయసు 70. అయిదేళ్ళ తర్వాత 'కాసినో'కీ చేశారు. ఆ పనిలో భార్య ఎలైన్ కూడా సమాన భాగస్వామి.

అలాగని "మా రోజుల్లో..." అంటూ కుర్చీకి అతుక్కుపోయే వాళ్ళని నేను వెనకేసుకు రావటంలేదు. కూతురి వయసు పిల్ల పక్కన కూచుని, "ఈ మీట నొక్కితే ఏమవుతుందమ్మా?" అని సిగ్గుపడకుండా అడగగలిగినన్నాళ్ళూ ఎవరూ పాతబడరు. అడగటం మానేస్తే పాతికేళ్ళకే పాతబడొచ్చు.

ఈ గొడవ మనకెందుకంటారా? నలభై దాటగానే "నీకేం తెలుసు, ఊరుకోమ్మా" అనే మాట ఇంట్లో ముందుగా వినేది మనమే కదా! అందుకే ఈసారి పుస్తకం అట్ట నచ్చితే, వేసిన వాళ్ళ పేరు వెతకండి. ప్రచురణకర్తకి ఓ ఉత్తరం ముక్క రాసి పడేయండి. వయసు మాత్రం అడక్కండి.