పాఠంలో లేని డార్విన్, సాక్ష్యమిచ్చిన థ్రిల్లర్

పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలలు ఇటీవల సీబీఎస్‌ఈ పాఠ్యప్రణాళికకు మారాయి. నేనుంటున్న నటేశన్ నగర్ పిల్లలైనా, గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడే యానాం పిల్లలైనా అక్కడ ఇక చదివేది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే. విద్యార్థులపై భారం తగ్గించే పేరుతో 2023 నాటి పదో తరగతి పుస్తకంలో జీవపరిణామం పాఠాన్ని తొలగించారు. పన్నెండులో జీవశాస్త్రం ఎంచుకున్నవారికే అది దక్కుతుంది. తక్కినవారికి బడి బయటి పుస్తకాలే దిక్కు. కనుక జనరంజక విజ్ఞాన గ్రంథం ఇప్పుడు రాజకీయ ప్రశ్న అయింది.

తెలుగులో అటువంటి గ్రంథాలు లేకపోలేదు. నండూరి రామమోహనరావు ‘నరావతారం’లో మానవ పరిణామాన్నీ, ‘విశ్వరూపం’లో ఖగోళాన్నీ సామాన్య పాఠకుడికి అందించారు. ఆయన శాస్త్రవేత్త కారు, పత్రికా సంపాదకుడు. విజ్ఞాన రచన పత్రికారచయిత బాధ్యత కూడానని నిరూపించారు. మంచి విజ్ఞాన గ్రంథం ఒక నిర్ణయానికి ఏ ఆధారంతో వచ్చారో, ఏ ఆధారం ఎదురైతే దానిని విడిచిపెట్టాలో నేర్పుతుంది.

థ్రిల్లర్ల పట్ల నాకు చిన్నచూపు లేదు. యండమూరి ‘తులసిదళం’ చేతబడికీ వైద్యానికీ మధ్య పాఠకులను ఊగించింది. సందేహాన్ని కాసేపు పక్కన పెట్టమని కోరడం ఆ ప్రక్రియ స్వభావం. చిక్కు వచ్చేది ఆ సడలింపు చట్టసభలోకి ప్రవేశించినప్పుడే. మైకేల్ క్రైటన్ 2004లో ‘స్టేట్ ఆఫ్ ఫియర్’ నవలలో వాతావరణ ముప్పును తీవ్ర పర్యావరణవాదుల కుట్రగా అల్లి, పటాలు, పాదసూచికలు జోడించారు. మరుసటి ఏడాది అమెరికా సెనేట్ పర్యావరణ సంఘం ఆయనను సాక్షిగా పిలిచింది. ఊహించడం నవలాకారుడి హక్కు. ఊహను ఆధారంగా స్వీకరించడం శాసనకర్తల తప్పు.

మనకు నవలాకారుడి అవసరం కూడా లేకపోయింది. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి కౌరవులను టెస్ట్‌ట్యూబ్ శిశువులన్నారు. మహాభారతం గొప్ప కావ్యం. దానిని ప్రయోగశాల నివేదికగా మార్చితే కావ్యానికీ, శాస్త్రానికీ అన్యాయమే.

1976లో 42వ సవరణ ద్వారా వైజ్ఞానిక దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి ప్రాథమిక విధి అయింది. విధిని పౌరుడికి అప్పగించి, అందుకు ఉపకరించే పాఠాన్ని తీసివేయడం ఏ న్యాయం? ఆ పాఠాన్ని పదో తరగతిలో తిరిగి చేర్చాలి. తెలుగు రాష్ట్రాలలో ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ చెల్లిస్తున్నాం. ఆ సొమ్ముతో ప్రతి శాఖా గ్రంథాలయంలో ‘తులసిదళం’ పక్కనే ‘నరావతారం’ ఉంచమని అడుగుదాం. ఏది కథో, ఏది ఆధారమో పాఠకుడే తేల్చుకుంటాడు.