సున్నా చూసి ఆట వదిలేయకండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆదివారం చదరంగం పోటీ ఎక్కడ జరిగినా హాలు బయట ఒకటే దృశ్యం. ఆట ముగించుకుని వచ్చిన పిల్ల ఇంకా నీళ్లయినా తాగకముందే నాన్న ఫోన్ తెరుస్తాడు. ఎత్తులన్నీ ఇంజన్‌కి ఎక్కిస్తాడు. నలభయ్యో ఎత్తు దగ్గర తెర మీద 0.00 కనిపిస్తుంది. "డ్రా ఆటే కదమ్మా, ఎలా పోగొట్టావ్?" అంటాడు. పిల్ల దగ్గర జవాబు ఉండదు. తర్వాతి వారం కోచ్‌ని అడిగేది మాత్రం ఇంకో ఓపెనింగ్ నేర్పమని. ఎండింగులు ఇప్పుడెవరు చదువుతారు, అవన్నీ కంప్యూటర్ తేల్చేసింది కదా అన్న మాట రాజాంలోనూ వింటున్నాను, పార్వతీపురంలోనూ వింటున్నాను. చదువుకున్నవాళ్లూ, ఆట తెలిసినవాళ్లూ కూడా అంటున్నారు. ఆ మాట తప్పు. ఏనుగులూ బంట్లూ మిగిలిన ఆటల విషయంలో మరీ తప్పు.

ముందు 'తేల్చేసింది' అన్న దాని సంగతి చూద్దాం. టేబుల్‌బేస్ అనే భాండాగారంలో ప్రతి స్థితికీ గెలుపు, డ్రా, ఓటమి అని ముందే లెక్కకట్టి పెట్టి ఉంచుతారు. 2012లో మాస్కో విశ్వవిద్యాలయంలో లొమొనొసోవ్ పేరుతో ఏడు పావుల దాకా లెక్క పూర్తయింది. 2013లో రోనాల్డ్ డి మాన్ సిజిజీ పద్ధతి తెచ్చాడు. 2018కల్లా అందులోనూ ఏడు పావులు వచ్చాయి. ఐదు పావుల దాకా ఉన్న భాగం ఒక గిగాబైట్‌లో ఇమిడిపోతుంది. ఏడు పావులది 17 టెరాబైట్లకు పైనే. ఇదంతా మహా కార్యమే, ఎవరూ కాదనరు. కానీ ఏడు పావులంటే రాజులతో కలిపి ఏడు. రెండు రాజులు, రెండు ఏనుగులు పోగా మిగిలేవి మూడు బంట్లు. మన పిల్లల ఆటల్లో నిజంగా వచ్చే ఏనుగు ఎండింగు ఎలా ఉంటుంది? ఒకరికి నాలుగు బంట్లు, ఇంకొకరికి మూడు, అన్నీ ఒకే పక్కన. మొత్తం పదకొండు పావులు. టేబుల్‌బేస్‌లో దానికి చోటే లేదు. భాండాగారం తలుపు తెరుచుకునే సరికి చాలా ఆటల్లో ఫలితం ఎప్పుడో ఖాయమైపోయి ఉంటుంది.

ఇక తెర మీద అంకె. +1 కనిపిస్తే ఒక బంటు ఎక్కువ ఉన్నట్టని చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నారు. 2022 డిసెంబర్‌లో వచ్చిన స్టాక్‌ఫిష్ 15.1 నుంచి ఆ అంకెకు అర్థం మారింది. ఆ ఇంజన్ తనంతటి ఇంజన్‌తో ఆడితే గెలిచే అవకాశం నూటికి యాభై అని దాని భావం. అలసట ఎరగని, గడియారానికి భయపడని, ప్రతి ఎత్తుకీ లక్షల స్థితులు తిరగేసే ఇద్దరు ఆటగాళ్ల మధ్య లెక్క అది. ఆఖరి గంటలో ఒక్కో ఎత్తుకు ముప్పై సెకన్లు మాత్రమే చేతిలో ఉన్న పన్నెండేళ్ల పిల్ల గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. చెప్పాలని దాన్ని తయారుచేసినవాళ్లూ అనుకోలేదు.

బల్ల మీద పెట్టి చూస్తే విషయం ఇంకా బాగా తెలుస్తుంది. తెల్ల రాజు డి5, బంటు ఇ5, ఏనుగు ఎ7. నల్ల రాజు ఇ8, ఏనుగు బి6. ఎత్తు నల్లది. 1777లో ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడోర్ రాసిపెట్టిన రక్షణ ఇదే. నల్ల ఏనుగు ఆరో అడ్డవరసను వదలకూడదు. బి6 నుంచి జి6కి, హెచ్6కి, మళ్లీ వెనక్కి తిరుగుతూ ఉంటే చాలు, తెల్ల రాజు ముందుకు అడుగు పెట్టలేడు. విసిగి తెల్లవాడు బంటును ఇ6కి తోశాడా, అతని రాజుకు అదే బంటు నీడ పోయినట్టే. వెంటనే ఏనుగు కిందికి, బి1కి దిగి వెనకనుంచి చెక్కుల మీద చెక్కులు ఇస్తుంది. ఆట డ్రా. ఒక సాయంత్రం కూర్చుంటే పదేళ్ల పిల్లకు కూడా ఒంటబట్టే సంగతి ఇది.

ఇప్పుడు నల్లవాడు తొందరపడ్డాడనుకోండి. బంటు ఇంకా ఇ5లోనే ఉంది, అయినా ఏనుగు బి1కి దిగిపోయింది. తెల్ల రాజు డి6కి వచ్చేశాడు. ఇంజన్ ఏమంటోంది? ఇంకా సున్నాయే. టేబుల్‌బేస్‌లో కూడా డ్రా అనే ఉంది. కానీ ఆట ఇప్పుడు పూర్తిగా వేరు. ఆరో అడ్డవరసకు బి6లో చెక్కుతో తిరిగి రాకపోతే, ఏనుగు ఇ1కి వెళ్లి బంటును వెనకనుంచి పట్టుకోవాలి. అప్పుడు తెల్ల రాజు ఇ6కి వస్తే నల్ల రాజు ఎఫ్8కి, అంటే బంటుకు నిలువు వరసలు తక్కువున్న పొట్టి వైపుకే తప్పుకోవాలి. డి8కి, పొడుగు వైపుకి జరిగితే ఆట పోయినట్టే. పొట్టి వైపుకి వెళ్లినా పని అయిపోదు, ఏనుగు పొడుగు వైపున దూరంగా నిలబడి పక్కనుంచి చెక్కులు ఇవ్వాలి. ఇంతకుముందు ఆరో అడ్డవరసను వదలకుండా ఉంటే నడిచేది. ఇప్పుడు తాడు మీద నడక. రెండు స్థితులకూ తెర మీద అంకె మాత్రం ఒకటే.

నా వాదన అంతా ఇక్కడుంది. డ్రాలో సులువైన డ్రా, ప్రాణం మీదకొచ్చే డ్రా అనే తేడా టేబుల్‌బేస్‌కి లేదు. దాని దగ్గరున్నవి మూడే మూడు తీర్పులు. ఓడిన ఆటగాడికి కావాల్సింది సరిగ్గా ఆ తేడాయే. ఏనుగుతోపాటు ఎఫ్, హెచ్ బంట్లు రెండూ ఉన్నవాడి మీద ఒంటి ఏనుగుతో కాచుకోవడం కూడా చాలా స్థితుల్లో సున్నాయే. 1947లో మాస్కోలో గ్లిగోరిచ్ మీద గ్రాండ్‌మాస్టర్ స్మిస్లోవ్ అలాంటి డ్రాను నిలబెట్టాడు. తర్వాత లెవెన్‌ఫిష్‌తో కలిసి ఏనుగు ఎండింగుల మీద ఒక పుస్తకమే రాశాడు. ఆ సున్నానూ ఫిలిడోర్ సున్నానూ ఒకే గాటన కట్టేవాణ్ని ఆట తెలిసినవాడు అనలేం.

మన తెలుగింటి పిల్లాడే ఇందుకు పెద్ద సాక్ష్యం. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్, 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోరులో డింగ్ లిరెన్‌తో పద్నాలుగో ఆట ఆడుతున్నాడు. స్కోరు ఆరున్నర, ఆరున్నర. ఇద్దరికీ తలో ఏనుగు, తలో శకటు, గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ. అది అచ్చమైన ఏనుగు ఎండింగు కాకపోయినా దానికి దగ్గరి చుట్టమే. ఇంజన్లు డ్రా అనే చూపించాయి, వ్యాఖ్యాతలు టైబ్రేక్ గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. గుకేశ్ లేవలేదు. ఎత్తు మీద ఎత్తుగా ఒత్తిడి పెడుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కి జరిపాడు. ఏనుగులు మారాయి, వెంటనే గుకేశ్ శకటును డి5లో నిలబెట్టాడు, శకట్లూ మారాయి. మిగిలింది రాజులూ బంట్లూ. 58వ ఎత్తుకు డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. పద్దెనిమిదేళ్లకే ప్రపంచ ఛాంపియన్.

ఆ పిల్లాణ్ని తీర్చిదిద్దిన కోచ్ విష్ణు ప్రసన్న, గుకేశ్ రేటింగ్ ఇంచుమించు 2500 చేరేదాకా ఇంజన్ వాడనివ్వలేదన్నది అందరికీ తెలిసిన విషయమే. మన జిల్లాల్లో పన్నెండు వందల రేటింగ్ పిల్లకు మొదటి రోజే ఇంజన్ చేతికిస్తున్నాం. గుకేశ్‌ని చూసి మురిసిపోతున్నాం, అతను నడిచిన దారిని మాత్రం పక్కన పెట్టేస్తున్నాం.

"మాకు గ్రాండ్‌మాస్టర్ కోచ్‌లు ఎక్కడ దొరుకుతారండీ, విశాఖ వెళ్లి రావడానికే రోజు పోతుంది, ఇంజన్ కూడా వద్దంటే ఎలా?" అని నరసన్నపేట నుంచో బొబ్బిలి నుంచో ఒక నాన్న అడిగితే ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఇంజన్ వద్దనడం లేదు. ఓపెనింగులో ఉచ్చు ఎక్కడుందో, మధ్యలో ఏ పావు ఊరికే పోయిందో చెప్పడంలో దానికి సాటి లేదు. పెద్ద ఊళ్ల కోచింగుకూ మనకూ ఉన్న దూరాన్ని అది కొంత తగ్గించింది కూడా. కానీ ఏనుగు ఎండింగు నేర్చుకోవడానికి గ్రాండ్‌మాస్టర్ అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. ఓపెనింగు ఫ్యాషన్ ఏటా మారుతుంది, పోయినేడాది కొన్న కోర్సు ఈ ఏడాది పాతబడుతుంది. ఫిలిడోర్ చెప్పింది రెండున్నర శతాబ్దాలుగా చెక్కుచెదరలేదు. డబ్బు తక్కువున్న ఇంటికి ఇంతకంటే లాభసాటి చదువు చదరంగంలో ఇంకోటి లేదు. హాల్లోకి ఫోన్ రానివ్వరు కాబట్టి, అరవయ్యో ఎత్తు దగ్గర తోడుండేది కూడా అదొక్కటే.

కోచ్‌లకు నేను చెప్పేది ఇది. పోటీలో ఏనుగు ఎండింగు పోగొట్టుకున్న పిల్లను ఆ స్థితి దగ్గరే కూర్చోబెట్టండి. ఎదుటి పిల్లనూ పిలవండి. అదే స్థితి నుంచి ఇద్దరితో మళ్లీ ఆడించండి, తర్వాత రంగులు మార్చి ఆడించండి. రాజు ఏ వైపుకి వెళ్లాడు, ఏనుగు ముందు నిలబడిందా, వెనకా, పక్కనా అని వాళ్ల నోటితోనే చెప్పించండి. ఇదంతా అయ్యాక ఫోన్ తెరవండి.