తాతయ్య కబుర్లు: రాత్రంతా సాగిన నడక

పిల్లలూ!

కిందటి నెల నాకు వచ్చిన ఉత్తరాల కట్టలో ఒక చిన్న కార్డు వున్నది. ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి రాసింది. పేరు బయట పెట్టవద్దన్నది గనక చెప్పను. "తాతయ్యా! మా నాయనమ్మకు కాన్సరట. ఆమె మంచం దగ్గరికి వెళ్ళవద్దని పక్కింటి మామ్మగారు అంటున్నారు. నేను రోజూ నాయనమ్మ దగ్గరే పడుకునేదాన్ని. ఆ జబ్బు నాకు అంటుకుంటుందా?" అని అడిగింది.

ముందు జవాబు చెప్పి, తరవాత కథ చెబుతాను.

అంటుకోదమ్మా! పక్కన పడుకున్నా, ఒకే గ్లాసుతో నీళ్ళు తాగినా, ముద్దు పెట్టుకున్నా కాన్సరు అంటుకోదు. ఎందుకో చూడండి. ఆటలో పడి మోకాలు చీరుకుపోతే కొద్ది రోజులలో కొత్త చర్మం వస్తుంది గదా? అక్కడి కణాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా చీలి గాయాన్ని పూడుస్తవి. పూడగానే ఆగిపోతవి. ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ఆజ్ఞలు ప్రతి కణంలోనూ వుంటవి. ఆ ఆజ్ఞలు చెడిపోయిన కణం ఆగదు, పెరుగుతూనే పోతుంది. కాన్సరంటే అదే. అది ఆ మనిషి సొంత కణమే గాని బయటినుంచి వచ్చిన క్రిమి కాదు. కొన్ని రకాల కాన్సర్లకు వైరసులు దోవ చేస్తవి, నిజమే. కాని కాన్సరు మాత్రం జలుబులాగా, మశూచిలాగా ఒకరినుంచి ఇంకొకరికి పాకదు.

ఇంత చిన్న సంగతి తెలియక ఒకప్పుడు నేను పెద్ద తప్పు చేశాను. ఆ తప్పు ఎంతటిదో నాకు తెలిసివచ్చింది ఎక్కడనుకున్నారు? అమెరికాలో, ఒక హైస్కూలు మైదానంలో, రాత్రి పూట!

2018 వేసవిలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. వాళ్ళుండేది అమెరికా పడమటి అంచున వున్న వాషింగ్టన్ రాష్ట్రంలో. ఆ వీధిలో అయిదు తెలుగు కుటుంబాలు, ఒక పంజాబీ కుటుంబం, మిగిలినవారు అమెరికావాళ్ళు. వారిలో ఒక పంతులమ్మకు రెండేళ్ళ కిందట కాన్సరు వచ్చి, వైద్యంతో తగ్గింది. ఆమె కోసం వీధివాళ్ళంతా కలిసి జట్టు కట్టారు. కాన్సరు నిధి కోసం జరిగే నడకలో పాల్గొంటారట. "నువ్వు కూడా రా, తాతా!" అన్నాడు నా మనమడు. వాడికి ఎనిమిదేళ్ళు.

"మనం నడిస్తే వాళ్ళ జబ్బు ఎలా తగ్గుతుందిరా?" అని అడిగాను.

వాడు పంతులులాగా చెప్పాడు: "నేను రాత్రి నిద్ర మానుకుని నడుస్తాను, మీరు చందా ఇవ్వండి అని అందరినీ అడగాలి. ఆ డబ్బుతో కొత్త మందులు కనిపెడతారు. బండి లేని రోగులను ఆసుపత్రికి తీసుకువెళతారు. వూరికే అడిగితే ఎవరిస్తారు తాతా? మనం కూడా కొంచెం కష్టపడాలి గదా!"

ఈ నడక పుట్టింది కూడా ఆ రాష్ట్రంలోనే. టాకోమా అనే పట్నంలో గార్డీ క్లాట్ అనే శస్త్రవైద్యుడు వుండేవాడు. కాన్సర్ సొసైటీకి నిధి పోగు చెయ్యాలని 1985 మే నెలలో ఆయన ఒక మైదానం చుట్టూ 24 గంటలు నడుస్తూ, పరిగెత్తుతూ గడిపాడు. మొత్తం 83 మైళ్ళు, అంటే సుమారు 133 కిలోమీటర్లు! బెజవాడనుంచి ఏలూరు వెళ్ళి తిరిగివచ్చినా అంత దూరం కాదు. 400 మీటర్ల చుట్టుగా లెక్క కట్టి, ఎన్ని చుట్లవుతుందో మీరే చూడండి. స్నేహితులు 25 డాలర్లు చెల్లించి, ఒక్కొక్కరు ఒక అరగంట ఆయనతోపాటు నడిచారు. ఆ ఒక్క రోజులో 27,000 డాలర్లు పోగయింది. మరుసటి యేడు, 1986లో, 19 జట్లు నడిచాయి. ఇప్పుడు అది "రిలే ఫర్ లైఫ్" అనే పేరుతో అనేక దేశాలలో జరుగుతున్నది. జట్టులో ఒకరు కాకపోతే ఒకరు నడుస్తూనే వుండాలి. రోగికి రాత్రిళ్ళు జబ్బునుంచి సెలవు దొరకదు గదా, అందుకని!

మేము వెళ్ళిన రోజున సాయంత్రం మొదలై తెల్లవారేదాకా సాగింది. మా జట్టువాళ్ళు పులిహోర పొట్లాలు కట్టి అమ్మారు. ఆ డబ్బూ నిధికే. మొదటి చుట్టు కాన్సరునుంచి బయటపడినవాళ్ళది. మా పంతులమ్మ వారిలో వున్నది. ఆమె వెనకే తండ్రి వేలు పట్టుకుని ఆరేళ్ళ కుర్రవాడు గంతులు వేస్తూ పోయాడు. వాడికి వచ్చింది రక్తకాన్సరట. ఇప్పుడు బడికి పోతున్నాడట.

వాణ్ణి చూడగానే నాకు మన భీమవరం గుర్తుకు వచ్చింది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనలు నడిపారు. కణాలు చీలి పెరగటానికి ఫోలిక్ ఆమ్లం అనే విటమిను కావాలి. చూడటానికి దానిలాగే వుండి, దాని పనికి అడ్డుపడే మందులను ఆయన బృందం తయారు చేసింది. 1947 చివర బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు అటువంటి మందునే రక్తకాన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చి చూశాడు. 16 మందిలో 10 మందికి కొంతకాలంపాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. కొంతకాలమే! కాని అంతకుముందు ఆ మాత్రం కూడా లేదు. 1948లో సుబ్బారావుగారు చనిపోయారు. ఆ జాతి మందు మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు. దానికి మరి కొన్ని మందులు తోడు కావటంచేత, పిల్లలకు ఎక్కువగా వచ్చే రక్తకాన్సరులో, మంచి వైద్యం దొరికినచోట, 10 మందిలో సుమారు 9 మంది బతుకుతున్నారు. చందాల డబ్బు ఏమవుతుందని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి.

చీకటి పడింది. మైదానం చుట్టూ కాగితపు సంచులలో దీపాలు పెట్టారు. ఒక్కొక్క సంచి మీద ఒక్కొక్క పేరు. మా మనమడు ఒక ఖాళీ సంచి, కలం తెచ్చి నా చేతికిచ్చి, "అమ్మమ్మ పేరు రాయి, తాతా!" అన్నాడు.

రాయటానికి నా చెయ్యి ఆడలేదు. 1994లో వాడి అమ్మమ్మకు కాన్సరు వచ్చింది. అప్పుడు మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. అంటుకుంటుందని ఎవరో అంటే నేను నమ్మాను. ఆమెకు వేరే గ్లాసు, వేరే కంచం పెట్టించాను. మంచం వెనక గదిలో వేయించాను. పిల్లను గుమ్మం దాటనివ్వలేదు. మూడు నెలలపాటు ఆ తల్లి బిడ్డను దూరం నుంచే చూసుకున్నది. ఒక్కనాడూ నన్ను తప్పుపట్టలేదు. డాక్టరుగారిని ఒక్క మాట అడిగితే సరిపోయేది. నేను అడగలేదు.

పేరు రాసి దీపం పెట్టాం. నేనూ, మా అమ్మాయీ మాట్లాడకుండా నడుస్తున్నాం. రెండో చుట్టులో అది అన్నది: "నాన్నా! అమ్మ మొహం నాకు బాగా గుర్తున్నది. కాని అమ్మ చెయ్యి ఎలా వుండేదో గుర్తులేదు."

నేనేం చెప్పను? తప్పయిందన్నాను. అది నా చెయ్యి పట్టుకున్నది. అలాగే ఇంకొక చుట్టు నడిచాం. తెల్లవారేసరికి నావి 21 చుట్లయినాయని మా మనమడు లెక్క చెప్పాడు.

అందుకని, కార్డు రాసిన తల్లీ, ఈ రాత్రే పోయి నాయనమ్మ పక్కన పడుకో. ఒక్క జాగ్రత్త మాత్రం వున్నది. వైద్యం జరిగే రోజులలో రోగికి క్రిములను తట్టుకునే శక్తి తగ్గుతుంది. అందుచేత చేతులు కడుక్కుని వెళ్ళు. నీకు జలుబో, జ్వరమో వుంటే తగ్గేదాకా ఆగు. అంటే, భయపడవలసింది నువ్వు కాదు. నీ జలుబును చూసి నాయనమ్మే! ఈ మాట పక్కింటి మామ్మగారికి కూడా చదివి వినిపించు. ఆవిడ నీ మేలు కోరే చెప్పారు. తెలియక చెప్పారు, నాలాగే.

పెద్దలకు ఒక మనవి. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వస్తే పిల్లల దగ్గర దాచకండి. సందేహం వుంటే డాక్టరుగారిని అడగండి. పిల్లలను మాత్రం గుమ్మం దగ్గర నిలబెట్టకండి.

నాయనమ్మకు వోపిక వుండి, డాక్టరుగారు సరేనంటే, సాయంత్రం ఆమె చెయ్యి పట్టుకుని వీధి అరుగుదాకా నడిపించు. ఎన్ని అడుగులు వేశారో లెక్కపెట్టి నాకు రాయి. నేను ఎదురు చూస్తూ వుంటాను.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.

మీ తాతయ్య