బల్ల మీద పూలు

రిసెప్షన్‌కు డెకరేషన్ మాట్లాడుకునేటప్పుడు బేరమంతా స్టేజీ చుట్టూనే తిరుగుతుంది. పూల గోడ ఎంత ఎత్తు, సోఫా ఏ రంగు, లైట్లు ఎన్ని. ఫొటోలు దిగేది అక్కడే కనుక తప్పనలేం. కానీ వచ్చిన చుట్టం స్టేజీ మీద ఉండేది అక్షింతలు వేసి ఓ ఫొటో దిగేంతసేపే. ఆయన తీరిగ్గా కూర్చునేది భోజనాల బల్ల దగ్గర. దాని వంతు వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోతుంది. పేపర్ రోల్ పరిచి, నీళ్ల సీసాలు పెట్టి కానిచ్చేస్తారు.

చవకగా చేయాలంటే ముందు పూల సంగతి తెలియాలి. మంచి ముహూర్తం ఉన్ననాడు పెళ్లిళ్లన్నీ ఒక్కసారే. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్ అయినా, గోదావరి జిల్లా కడియపులంక మార్కెట్ అయినా గులాబీ, లిల్లీ ధరలకు ఆరోజు రెక్కలొస్తాయి. ఆకులకు ఆ బెడద తక్కువ. బల్ల పొడవునా నడిమధ్య అరిటాకులు పరిచి, అక్కడక్కడ బంతి, చామంతి పెడితే చాలు. ఆ రెండూ నీళ్లు లేకున్నా పూటంతా వాడకుండా నిలుస్తాయి. కొబ్బరాకుతో చిలకలు అల్లగల పెద్దవాళ్లు చాలా ఇళ్లలో ఉన్నారు, అడిగేవాళ్లే లేరు. అటక మీది ఇత్తడి చెంబులకు చింతపండు పట్టించి తోమితే పూలు పెట్టడానికి అంతకు మించిన పాత్ర ఉండదు. డెకరేషన్ వాళ్లు పూలు గుచ్చే పచ్చ స్పాంజి మట్టిలో కలవదు, చెంబులో తడి ఇసుక పోస్తే ఆ పని జరిగిపోతుంది. అలంకరణకు వాడే థర్మోకోల్‌కు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. హంసలు, పేర్ల అక్షరాలు మాత్రం హాళ్లలో ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

కడియం నర్సరీల చిన్న కుండీలూ మంచి ఉపాయమే. భోజనాలయ్యాక తాంబూలంతో పాటు అవే ఇచ్చి పంపొచ్చు. ఖర్చు ఒక్కటే, పనులు రెండు.

ఏది పెట్టినా చోటు చూసి పెట్టాలి. గుండ్రటి బల్ల మీద పూలు కూర్చున్నవాళ్ల గడ్డం ఎత్తు దాటితే ఎదురుగా ఉన్న మేనత్త ముఖం కనబడదు. వరస బల్లలైతే వడ్డించేవాళ్లు ఎదుటినుంచి విస్తరి మీదికి వంగుతారు. సాంబారు గరిటెకు అడ్డంగా గాజు స్టాండు పెట్టడం ఏం అందం? అక్కడ పూలు బల్ల చివర్లలో ఉంటే చాలు. సువాసన కొవ్వొత్తుల జోలికి అసలు పోవద్దు. గుత్తివంకాయ ముందు పెట్టుకుని గులాబీ వాసన ఎవరికి కావాలి?

ప్యాకేజీ కుదుర్చుకునేటప్పుడు స్టేజీ పూలలో ఒక వరస తగ్గించమనండి. మిగిలిన డబ్బుతో బల్లలకు ఉతికిన గుడ్డలు, తుడవడానికి మరో ఇద్దరు మనుషులు కావాలని అడగండి. ఒక బంతి లేచాక బల్ల సరిగా తుడవకుండా రెండో బంతిని కూర్చోబెడితే, ఎన్ని పూలు పెట్టినా దండగే.