కరవది గిత్త... బ్రెజిల్ ఆసామి

ఒంగోలు పక్కనున్న కరవది పేరు బ్రెజిల్ పశుపోషకులకు కొట్టినపిండి. కాకపోతే వాళ్లకది ఊరు కాదు, గిత్త!

దాన్ని తీసుకెళ్లిన ఆసామి టోరెస్ హోమెం రోడ్రిగ్స్ ద కూన్యా. పశువులంటే ఆయనకు వ్యాపారమొక్కటే కాదు, వారసత్వం. మంద మీద వేసే 'వీఆర్' ముద్ర తండ్రి విసెంటె రోడ్రిగ్స్ పేరులోని పొడి అక్షరాలే. ఆ మందకు మేలుజాతి రక్తం కోసం 1960ల తొలినాళ్లలో మన పల్లెల్లోని పశువుల్ని ఏరి ఓడెక్కించాడు. ఫెర్నాండో ద నొరోన్యా దీవిలో విడిగా ఉంచి, రోగాల్లేవని తేలాకే వాటిని ఒడ్డుకు చేర్చారు. వాటిలో గోదావరి, తాజ్‌మహల్ కూడా ఉన్నాయి. పేర్లు మార్చకపోవడం ముచ్చటే!

అక్కడ ఈ జాతిని 'నెలోర్' అంటారు. 19వ శతాబ్దంలో తొలి పశువులు వెళ్లేనాటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది మరి. కృత్రిమ గర్భధారణతో కరవది సంతతి దేశమంతా పాకింది. బ్రెజిల్‌లోని 20 కోట్లకు పైగా పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ రక్తమే. 2023లో వియాటినా-19 అనే ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది.

వాళ్లు మాంసం కోసం పెంచారు, మనవాళ్లు అరక కోసం. ట్రాక్టరొచ్చి ఆ అరకను మూలన పెట్టింది. గుంటూరు దగ్గరి లాం ఫారంలో శాస్త్రవేత్తలు ఈ జాతిని కాపాడుతున్నారు. కూన్యా వారసులు మాత్రం తాత ముద్రనే వేస్తున్నారు.